ఆక్‌వర్డ్ మనిషా, ఆక్‌వర్డ్ పరిస్థితా? ఒక ఇంగ్లీషు మాట చుట్టూ ఉన్న చిక్కు

హైదరాబాద్‌లో ఒక అమ్మాయి తన మేనేజరు గురించి ‘ఆయన కొంచెం ఆక్‌వర్డ్’ అన్నదంటే, పాపం ఆయనకు నలుగురిలో కలవడం రాదని, లిఫ్టులో ఎదురుపడితే ఎటు చూడాలో తెలియక ఫోను బయటికి తీస్తారని అర్థం. అదే మాట ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో పుట్టి పెరిగిన ఉద్యోగి నోట వస్తే, చాలాసార్లు అర్థం తలకిందులవుతుంది. ఆ మేనేజరు పెడసరం మనిషి, సెలవు అడిగినా సంతకం అడిగినా ఏదో ఒక మెలిక పెడతాడు అని. మొదటాయన మీద జాలి, రెండో ఆయన మీద ఒళ్ళుమంట. మాట మాత్రం ఒక్కటే.

తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఈ మాట ధారాళంగా వినిపిస్తోంది. పెళ్ళిచూపులు ఆక్‌వర్డ్‌గా జరిగాయంటారు. బౌండరీ దగ్గర దూకిన ఆటగాడు ఆక్‌వర్డ్‌గా పడ్డాడంటారు. అతిథులు వచ్చిన వేళ ఆక్‌వర్డ్ అంటారు. సరే చూద్దామని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిస్తే మొరటైన, వికారమైన, నేర్పులేని, ఇబ్బందికరమైన, అనుకూలం కాని అంటూ ఒక వరుస కనిపిస్తుంది. వాటిలో ఏది ఎక్కడ సరిపోతుందో ఆ వరుస చెప్పదు. పెళ్ళిచూపులు మొరటుగా జరగలేదు, ఆటగాడు ఇబ్బందికరంగా పడలేదు. ఇన్ని అర్థాలు ఒకే మాటలో ఎలా ఇరుక్కున్నాయో తెలియాలంటే మాట పుట్టిన చోటికి వెళ్ళాలి.

మొదట్లో అది దిక్కును చెప్పిన మాట

ఆక్‌వర్డ్‌లో ఉన్నవి రెండు ముక్కలు. రెండోది అందరికీ తెలిసిందే. ఫార్వర్డ్, బ్యాక్‌వర్డ్ లాంటి మాటల చివర ఉండే ‘వర్డ్’, అంటే ‘వైపు’. మొదటి ముక్క ‘ఆక్’ విడిగా ఎప్పుడో చచ్చిపోయింది. మధ్యయుగపు ఇంగ్లీషులో దానికి వెనక్కి తిరిగిన, తిరగబడిన, పెడచేతి వైపు అని అర్థం. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడినవారి ప్రాచీన నార్స్ భాషలో ‘అఫుగ్ర్’ అనే మాట దీనికి మూలం. రెండు ముక్కలూ కలిసి 14వ శతాబ్దంలో ‘ఆక్‌వర్డ్’ అయ్యాయి. అప్పుడు దాని అర్థం ‘తప్పు దిశలో’ అని, అంతే. మనుషుల బిడియంతోగానీ చేతకానితనంతోగానీ దానికి సంబంధమే లేదు.

తెలుగువారికి ఈ ప్రయాణం ఊహకు అందనిదేమీ కాదు, మన ‘పెడ’ సరిగ్గా ఆ దారినే నడిచింది. పెడతల అంటే తల వెనుక భాగం. పెడచేయి అంటే అరచేతికి వెనుక వైపు. పెడరెక్కలు విరిచికట్టడమంటే చేతులు వెనక్కి కట్టడం. ఇంతవరకూ శరీరంలో ఒక వైపును చెప్పడమే. ఆ తరువాత పెడదారి, పెడముఖం, పెడచెవి వస్తాయి. ఇక్కడ ‘వెనుక’ కాస్తా ‘ఉండవలసిన వైపు కాకుండా’ అయింది. చివరికి పెడసరం దగ్గరకు వచ్చేసరికి అది మనిషి స్వభావమైపోయింది. లీడ్స్ ఉద్యోగి తన మేనేజరును తిట్టిన తిట్టు ఇదే.

ఇంకా లోతుకు తవ్వితే కథ మన వైపే తిరుగుతుంది. ఆ నార్స్ మాటకు ఆధారమైన ధాతువు, సంస్కృతంలోని ‘అప’, గ్రీకులోని ‘అపో’, లాటిన్‌లోని ‘అబ్’, ఇంగ్లీషులోని ‘ఆఫ్’ ఒకే కుదురుకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ‘వైపు’ అనే అర్థమిచ్చే ‘వర్డ్’ కూడా ‘తిరుగు’ అనే ధాతువు నుంచే వచ్చింది. మన ఆవర్తనం, పరివర్తన, వర్తులం అన్నీ దాని దాయాదులే. కాబట్టి ఆక్‌వర్డ్‌ను దాని ఎముకల వరకూ విప్పితే మిగిలేది ‘అవతలికి తిరిగినది’ అన్న ఒక్క భావం. ఏది తిరిగింది అన్నదాన్నిబట్టే తరువాతి అర్థాలన్నీ పుట్టాయి.

గాలి, హక్కు, హావభావం: షేక్‌స్పియర్‌లో మూడు వాడుకలు

అర్థం మారుతున్న మాటను మారుతుండగానే పట్టుకోవడం అరుదు. ఆక్‌వర్డ్ విషయంలో ఆ అవకాశం ఉంది. షేక్‌స్పియర్ నాటకాలు మూడింటిలో ఈ మాట మూడు వేర్వేరు దశల్లో కనిపిస్తుంది.

ఆరో హెన్రీ రాజు మీద రాసిన నాటకం రెండో భాగంలో రాణి మార్గరెట్ తన గోడు వెళ్ళబోసుకుంటుంది. ఫ్రాన్స్ నుంచి పెళ్ళికూతురిగా ఓడలో వస్తుంటే ‘ఆక్‌వర్డ్’ గాలి తనను ఇంగ్లండ్ తీరం నుంచి రెండుసార్లు వెనక్కి నెట్టిందని, ఆ హెచ్చరిక తనకు అప్పుడే అర్థం కావలసిందని అంటుంది. ఇక్కడ గాలి మొరటుదీ కాదు, ఇబ్బందికరమైనదీ కాదు. ఎదురుగాలి. పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది.

1599 ప్రాంతంలో రాసిన ఐదో హెన్రీ నాటకంలో ఇంగ్లండ్ రాయబారి ఫ్రాన్స్ రాజు ముందు వంశవృక్షాన్ని పరిచి, మా రాజు ఫ్రాన్స్ సింహాసనాన్ని కోరుతున్నది ‘సినిస్టర్’ హక్కుతోనో ‘ఆక్‌వర్డ్’ హక్కుతోనో కాదని చెబుతాడు. సినిస్టర్ అంటే లాటిన్‌లో ఎడమ. అంటే పక్కదారిన వచ్చిన హక్కు కాదు, పెడదారిన వచ్చిందీ కాదు, నేరుగా రక్తసంబంధంతో వచ్చిందని వాదన. దిక్కు ఇక్కడ న్యాయాన్యాయాల విషయంగా మారింది.

మూడోది ట్రాయ్ యుద్ధం నేపథ్యంగా సాగే ట్రాయిలస్ అండ్ క్రెసిడా. గ్రీకు వీరుడు అకిలీస్ గుడారంలో పడుకుని అతని స్నేహితుడు పట్రోక్లస్ గ్రీకు సేనానాయకుల్ని వెక్కిరిస్తూ అనుకరిస్తున్నాడని, ఆ అభినయం నవ్వులపాలు చేసేలా, ‘ఆక్‌వర్డ్’గా ఉందని ఆ నాయకుల్లో ఒకడైన యులిసిస్ ఫిర్యాదు చేస్తాడు. ఇది మనకు తెలిసిన అర్థానికి చాలా దగ్గర. కాళ్ళూ చేతులూ పోవలసిన తీరున పోకపోవడం, పొందిక లేని కదలిక. ఈ అర్థం 16వ శతాబ్దం మొదటి భాగంలోనే వాడుకలోకి వచ్చింది. మనిషి లోపలి బెరుకుకు, నలుగురిలో ఏం చేయాలో తోచని స్థితికి ఈ మాట వాడడం మాత్రం ఇంకా ఆలస్యంగా, 18వ శతాబ్దంలో మొదలైంది. అంటే ఇవాళ మన పిల్లలు వాడే అర్థం ఈ వంశంలో అందరికంటే చిన్నది.

ఎడమ చేతి మీద పడిన నింద

తప్పు దిశను చెప్పే మాట చేతకానితనాన్ని చెప్పే మాటగా మారడం ఇంగ్లీషులో ఒక్కసారి జరిగింది కాదు. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ‘గోష్’ కూడా మర్యాదల్లో మొరటుతనాన్ని చెబుతుంది. ఫ్రెంచిలో దాని అర్థం ‘ఎడమ’. నేర్పరిని ‘అడ్రాయిట్’ అంటారు. అందులో ఉన్నది ‘తిన్నగా, కుడివైపుగా’ అన్న అర్థమే. దానికి ముందు చెడు అనే ముక్క తగిలిస్తే నేర్పులేనివాడు. చేతి నేర్పును చెప్పే ‘డెక్స్‌టెరిటీ’ లాటిన్‌లో కుడిచేయి అనే మాట నుంచి వచ్చింది. రెండు చేతులా సమానంగా పనిచేయగలిగిన వాడిని కూడా ‘రెండూ కుడిచేతులే ఉన్నవాడు’ అన్న అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. ఎడమచేతికి ఆ మెచ్చుకోలులోనూ చోటు దక్కలేదు.

మన సంప్రదాయమూ ఈ విషయంలో అమాయకమైనది కాదు. సంస్కృత ‘దక్షిణ’కు కుడి అనీ, నేర్పు గల అనీ రెండర్థాలు. దక్షత, దక్షుడు అదే కుటుంబం, లాటిన్ ‘డెక్స్‌టర్’ దానికి బంధువే. ‘వామం’ ఎడమ, ప్రతికూలం కూడా. కానీ ఒక చోట మాత్రం లెక్క తప్పుతుంది, అది ఆసక్తికరం. సంస్కృతంలో ‘సవ్యం’ అంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యాల్లో కుడి భుజం మీదికి మార్చుకుంటే అపసవ్యం. రోజువారీ తీరు సవ్యం కాబట్టి తెలుగులో ‘సవ్యంగా’ అంటే ‘సరిగ్గా, పద్ధతిగా’ అని స్థిరపడింది. గడియారం ముల్లు తిరిగే వైపు సవ్యదిశ, ఎదురు తిరిగితే అపసవ్యదిశ. ఎడమను చెప్పిన మాటే మనకు ఒప్పు అయింది. ఆక్‌వర్డ్ తొలినాటి అర్థానికి ‘అపసవ్యం’ కంటే చక్కని మాట దొరకదు, పైగా రెండింటిలోనూ అదే ‘అప’.

చేతకానితనానికి ఇంగ్లీషులో మరో బాగా తెలిసిన మాట ‘క్లమ్సీ’. దాని కథ వేరు. చలికి కొంకర్లు పోయిన, తిమ్మిరెక్కిన చేతుల నుంచి వచ్చింది. వేళ్ళు బిగుసుకుపోతే దారం సూదిలోకి ఎక్కదు, గుండీ పట్టదు. అమెరికాలో వాడే ‘క్లట్జ్’ తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్ నుంచి వచ్చింది, అసలు అర్థం చెక్క మొద్దు. మనమూ ‘మొద్దు’ అంటాం, కాకపోతే ఎక్కువగా తెలివి విషయంలో. ఇక చేతి నేర్పును తెలిపే మన ‘వాటం’కు పట్టిన గతి చెప్పనక్కరలేదు. ఎవరైనా ‘చేతివాటం ప్రదర్శించాడు’ అని పత్రికలో చదివితే అతను దొంగతనం చేశాడనే అనుకుంటాం.

క్లమ్సీకీ ఆక్‌వర్డ్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది. క్షమాపణ చెప్పే తీరు క్లమ్సీగా ఉందంటే, చెప్పినవాడు మాటలు కూర్చుకోలేకపోయాడని. క్షమాపణ ఆక్‌వర్డ్‌గా ఉందంటే, మాటలు చక్కగానే ఉండవచ్చు, కానీ చెప్పినవాడికీ విన్నవాడికీ పక్కన నిలబడినవాడికీ ఊపిరాడలేదని. క్లమ్సీకి ఎప్పుడూ ఒక కర్త ఉంటాడు. నిశ్శబ్దాన్ని ఆక్‌వర్డ్ అనవచ్చు, క్లమ్సీ అంటే అతకదు.

ఇవాళ్టి అర్థాలు: తప్పు ఎవరిది?

ఈ మాట నేటి వాడుకల్ని విడదీయడానికి ఒక ప్రశ్న పనికొస్తుంది. పొసగని ఆ గుణాన్ని ఎవరికి అంటగడుతున్నాం? శరీరానికా, వస్తువుకా, సమయానికా, మనిషి వైఖరికా?

శరీరానికి అంటగడితే, ఆక్‌వర్డ్ అంటే పొందికలేని కదలిక. పొడుగ్గా ఎదిగిపోయి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని పదమూడేళ్ళ కుర్రవాడి నడక అలాంటిది. ఆటగాడు ఆక్‌వర్డ్‌గా పడ్డాడన్నప్పుడు కాలు మడమ దగ్గర మెలిపడిందని, వంగకూడని వైపు వంగిందని అర్థం. ఏడు వందల ఏళ్ళ నాటి ‘తప్పు దిశ’ ఇక్కడ ఇంకా సజీవంగా ఉంది.

వస్తువుకు అంటగడితే, చేతికి ఇమడని, వాడడానికి వీలుకాని అని అర్థం. మూడో అంతస్తుకు సోఫా ఎక్కించేటప్పుడు మెట్ల మలుపులో అది ఇరుక్కుంటుంది. అటు తిప్పితే గోడ, ఇటు తిప్పితే రెయిలింగు. సోఫాలో లోపం లేదు, మెట్లలోనూ లేదు, మోసేవాళ్ళూ బలంగానే ఉన్నారు. అయినా ఆ సోఫా ఆక్‌వర్డ్. క్రికెట్ వ్యాఖ్యాతలు బంతి ఆక్‌వర్డ్‌గా లేచిందన్నప్పుడూ అంతే. గుడ్ లెంగ్త్‌లో పడి అనుకున్నదానికంటే ఎత్తు లేచిన బంతిని ముందుకు వచ్చి ఆడాలా, వెనక్కి తగ్గాలా అన్నది బ్యాటర్‌కు తేలదు. అదే బంతి ఆరున్నర అడుగుల బ్యాటర్‌కు మామూలు బంతి కావచ్చు. ఆ గుణం బంతిలోనూ లేదు, బ్యాటర్‌లోనూ లేదు, ఇద్దరూ కలిసిన చోట ఉంది. ఈ మాట అంతటినీ అర్థం చేసుకోవడానికి ఈ ఉదాహరణ ఒక్కటి చాలని నాకు అనిపిస్తుంది.

సమయానికి అంటగడితే ‘వీలుకాని వేళ’. ప్రశ్నకు అంటగడితే పత్రికల భాషలో ‘ఇరకాటంలో పెట్టే ప్రశ్న’. అడగడం తప్పు కాదు, జవాబు చెప్పడమే కష్టం.

ఇక వైఖరి. మనిషి కావాలని అడ్డం తిరగడం, సహకరించకపోవడం అన్న అర్థం ముఖ్యంగా బ్రిటన్ వాడుక. అక్కడ ఒక సహోద్యోగి ‘ఆక్‌వర్డ్‌గా ఉండాలని కాదుగానీ’ అని మొదలుపెడితే, తరువాత రాబోయేది అభ్యంతరమని గ్రహించాలి. ఆయన సిగ్గుపడుతున్నాడేమోనని మనం నచ్చజెప్పబోతే సంభాషణ దారి తప్పుతుంది.

ఈ అర్థానికి దగ్గరగానే ‘ఆక్‌వర్డ్ స్క్వాడ్’ అనే పలుకుబడి ఉంది. సైన్యంలో కవాతు ఇంకా వంటబట్టని కొత్తవాళ్ళను విడిగా నిలబెట్టిన గుంపుకు ఆ పేరు. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ చివరి రోజుల్లో డమ్‌ఫ్రీస్ పట్టణపు వలంటీరు దళంలో సభ్యుడు. 1796 జులైలో మరణశయ్య మీద ఉండి, తన సమాధి మీద ఈ ఆక్‌వర్డ్ స్క్వాడ్ చేత తుపాకులు పేల్చనివ్వవద్దని స్నేహితుడిని కోరాడని చెప్పుకుంటారు. అంత్యక్రియలు సైనిక లాంఛనాలతోనే జరిగాయి, తుపాకులూ పేలాయి. తరువాతి కాలంలో ఈ పలుకుబడి రాజకీయాల్లోకి వచ్చి అర్థం మార్చుకుంది. పార్టీ గీసిన గీత దాటే సభ్యుల్నీ, 2000 తరువాతి సంవత్సరాల్లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వానికి కొరుకుడుపడని కార్మిక సంఘ నాయకుల్నీ బ్రిటిష్ పత్రికలు ఈ పేరుతోనే పిలిచాయి. కవాతు చేయలేనివాళ్ళు కాస్తా కవాతు చేయబోమనేవాళ్ళయ్యారు. కొందరు ఆ పేరును బిరుదులాగే మోశారు.

వ్యాసం మార్జిన్‌లో మళ్ళీ బతికిన ‘ఆక్’

అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థుల్లో కొందరికి తమ వ్యాసం మార్జిన్‌లో ఎర్ర సిరాతో మూడక్షరాలు కనిపించి ఉంటాయి: ఎ, డబ్ల్యు, కె. ఆక్‌వర్డ్‌కు అధ్యాపకులు వాడే పొట్టిరూపం అది. ఎప్పుడో చచ్చిపోయిన పాత మాట, తెలియకుండానే అదే రూపంలో లేచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి ఈ మూడక్షరాలు మరోలా పరిచయం. 1977లో బెల్ ల్యాబ్స్‌లో తయారైన ఆక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు పెట్టారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

మార్జిన్‌లోని గుర్తు చెప్పేదేమిటంటే, వాక్యంలో వ్యాకరణ దోషం లేకపోయినా చదువుతుంటే కాలికి రాయి తగులుతోందని. తెలుగులో ఇలాంటి వాక్యాలకు కొదవ లేదు. ‘అధికారులు నీట మునిగిన రైతుల పంటలను పరిశీలించారు’ అన్న వాక్యం చూడండి. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం, మునిగింది పంటలేనని అందరికీ తెలుసు. అయినా ‘నీట మునిగిన రైతుల’ దగ్గర పాఠకుడి మనసు ఒక్క క్షణం అటు పోయి వస్తుంది. ‘రైతుల పంటలు నీట మునగగా అధికారులు పరిశీలించారు’ అంటే ఆ తిరుగుడు పోతుంది. ఈ గుర్తు మీద ఫిర్యాదు కూడా సబబైనదే. వాక్యం నడవలేదని చెబుతుందిగానీ ఎక్కడ తట్టుకుందో చెప్పదు. వేరే భాష నుంచి వచ్చిన విద్యార్థికి కావలసింది ఆ రెండో సంగతి.

మాటలు ఆగినప్పుడు: స్వభావమా, సందర్భమా?

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అర్థానికి వద్దాం. నలుగురి మధ్య కలిగే ఆ అసౌకర్యం. సంభాషణ హఠాత్తుగా ఆగినప్పుడు ఎంతసేపటికి ఆక్‌వర్డ్ అవుతుంది? 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, గుంపు సంభాషణలో నాలుగు సెకన్ల మౌనం కూడా పాల్గొన్నవారిలో తమను దూరం పెట్టారన్న భావన కలిగించిందని తేలింది. ఈ నాలుగు సెకన్లను సర్వమానవాళికీ కొలతగా తీసుకోవడం తొందరపాటు. పల్లెల్లో అరుగు మీద కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళు పావుగంట మాట్లాడుకోకపోయినా వాళ్ళకేమీ అనిపించదు. మాటలు సాగుతూనే ఉండాలని ఆశించిన చోటే మౌనం గుచ్చుకుంటుంది.

ఆశించడం అన్నదే ఇక్కడ కీలకం. సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1956లో ఇబ్బందిపాటు గురించి రాస్తూ, అది కేవలం ఒక మనిషి లోపల పుట్టే అలజడి కాదని, నలుగురి ముందు తాను ఫలానా అని చూపుకున్న రూపం నిలబడనప్పుడు అక్కడున్న అందరినీ తాకే విషయమని వివరించాడు. ఈ ఆలోచనను అమెరికన్ తత్వవేత్త అలెగ్జాండ్రా ప్లాకియాస్ 2024లో మరో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. ఆక్‌వర్డ్ మనుషులంటూ లేరు, ఆక్‌వర్డ్ పరిస్థితులే ఉన్నాయన్నది ఆమె వాదన. ఏ సందర్భంలో ఎలా నడుచుకోవాలో చెప్పే అలిఖిత పాఠం మనందరి దగ్గరా ఉంటుంది, ఆ పాఠం దొరకని చోట, లేదా ఇద్దరి దగ్గరా రెండు వేర్వేరు పాఠాలున్న చోట, ఈ స్థితి పుడుతుంది.

తెలుగు కుటుంబాల్లో దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. చిన్నప్పటి నుంచి ‘ఒరేయ్’ అని పిలుచుకున్న ఇద్దరు స్నేహితులు ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళను, ఒకడు అక్కను, మరొకడు చెల్లెలిని, పెళ్ళి చేసుకున్నారనుకుందాం. ఇప్పుడు వాళ్ళు తోడల్లుళ్ళు. చిన్నల్లుడు పెద్దల్లుణ్ణి ‘అన్నయ్య’ అనాలి. అత్తవారింట్లో అందరూ కూర్చున్నప్పుడు చిన్నల్లుడు పప్పు గిన్నె అందుకోవాలి. ‘ఒరేయ్’ అంటే మామగారు తలెత్తి చూస్తారు, ‘అన్నయ్యా’ అంటే వాడికి నవ్వొస్తుంది, ‘మీరు’ అంటే ఇద్దరికీ ఎబ్బెట్టు. చివరికి పిలుపే లేకుండా ‘కాస్త ఆ గిన్నె ఇటు...’ అని గోడకు చెబుతున్నట్టు చెబుతాడు. ఇద్దరిలో ఎవరూ బిడియస్తులు కారు. స్నేహం పాఠమూ చుట్టరికం పాఠమూ ఒకే భోజనాల బల్ల దగ్గర ఢీకొన్నాయి.

దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. అన్నిటికీ పరిస్థితే కారణమైతే, ఒకే మనిషికి ప్రతి విందులోనూ ఇదే ఎందుకు జరుగుతుంది? అమెరికన్ మనస్తత్వవేత్త టై తషిరో దీన్ని స్వభావంగానే చూస్తారు. కొందరి దృష్టి వేదిక మీద ఒక్క చోట పడే స్పాట్‌లైటులా ఉంటుంది. తమకు ఆసక్తి ఉన్నది మహా స్పష్టంగా కనిపిస్తుంది, చుట్టూ ఉన్న ముఖకవళికలు, సైగలు చీకట్లో ఉండిపోతాయి. అలాంటివారు పలకరింపులో తప్పటడుగులు వేయవచ్చు, కానీ అదే ఏకాగ్రత చదువులోనో పనిలోనో అసాధారణ ఫలితాలిస్తుందని ఆయన అంటారు.

ఈ రెండింటి మధ్యకు 2012లో మూడో మాట వచ్చింది. ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్, ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనసు అర్థం కాదని అందరూ అంటారుగానీ, మిగతావారికి ఆటిజం ఉన్నవారి మనసు అర్థం కాదన్న సంగతి లెక్కలోకి తీసుకోరని ఎత్తిచూపారు. పొసగకపోవడం రెండు వైపులదీ, పేరు మాత్రం ఒకరికే పడుతుంది. నా మట్టుకు నాకు ప్లాకియాస్ వాదన ‘మనుషులే లేరు’ అన్న చోట కాస్త శ్రుతి మించిందనిపిస్తుంది. కానీ పేరు ఎవరికి పడుతుందో చూడమన్న మిల్టన్ మాటను పక్కన పెట్టడం కష్టం.

పేరు పడడం వల్ల ఏమవుతుందో వైద్యరంగం ముందే చూసింది. బూట్ల లేసు కట్టుకోలేని, బంతి పట్టలేని, మాటిమాటికీ సామాను తట్టుకునే పిల్లలకు ఒకప్పుడు డాక్టర్లే ‘క్లమ్సీ చైల్డ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. రోగనిర్ధారణ చీటీ మీదే ఒక తిట్టు. 1994లో కెనడాలో జరిగిన నిపుణుల సమావేశం ‘డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్’ అన్న పేరును ఖాయం చేసింది. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందిలో ఇది ఉంటుందని అమెరికన్ మనోవైద్యుల ప్రామాణిక గ్రంథం 2013 నాటి కూర్పులో అంచనా వేసింది. కండరాల బలహీనతో బద్ధకమో కాదు, కదలికను మనసులో కూర్చుకుని చేతల్లో పెట్టడంలో ఉండే ఇబ్బంది. పేరు మారినా తరగతి గదుల్లో పాత మాట పోలేదు.

తెలుగులోకి వచ్చాక

తెలుగులో ఈ మాటకు సమానార్థకాలు లేవని అనుకోవడం పొరపాటు. ఎక్కువైపోయాయి. వస్తువైతే వాటంగా లేదు, చేతికి ఇమడలేదు అంటాం. కదలికైతే తొట్రుపాటు, తడబాటు. మనిషి వైఖరైతే పెడసరం. ప్రశ్నైతే ఇరకాటం. చూడడానికి అతకకపోతే ఎబ్బెట్టు. లోపలి బెరుకైతే బిడియం, సంకోచం, మొహమాటం. వీటిలో ఏది వాడినా ముందుగా ఒక నిర్ణయం జరిగిపోతుంది: లోపం ఎవరిదో, ఎక్కడిదో. ‘వాళ్ళింట్లో నాకు మొహమాటంగా ఉంది’ అంటే ఆ స్థితి నాది. ‘వాళ్ళ తీరు ఎబ్బెట్టుగా ఉంది’ అంటే తప్పు వాళ్ళది. ‘వాళ్ళింట్లో ఆక్‌వర్డ్‌గా ఉంది’ అంటే ఎవరి మీదా నేరం మోపకుండా బయటపడవచ్చు. అరువు మాట అంత తేలిగ్గా చొరబడడానికి ఇది పెద్ద కారణమని నా ఊహ.

తెలుగు అరువు తెచ్చుకున్నది మొత్తం మాటను కాదు, దాని చివరి కొమ్మను. ‘ఈ బీరువా ఆక్‌వర్డ్’ అని ఇంట్లో ఎవరూ అనరు. అడ్డం తిరిగిన గుమస్తాను ‘ఆక్‌వర్డ్‌గా ఉన్నాడు’ అంటే వినేవాడికి అర్థం కాదు. ఆటల వ్యాఖ్యానాన్ని మినహాయిస్తే మనకు చేరింది నలుగురి మధ్య అసౌకర్యం అనే అర్థమే, అందుకే బ్రిటిష్ వాడుక ఎదురైనప్పుడు లీడ్స్ మేనేజరు లాంటి గందరగోళం తప్పదు. వచ్చిన మాట మన వ్యాకరణానికి లొంగి ‘-గా’ తగిలించుకుంది. ఈ మధ్య ఆ ‘-గా’ను కూడా వదిలేసి, మాటలు ఆగిన చోట కుర్రకారు ‘ఆక్‌వర్డ్...’ అని దీర్ఘం తీసి వదులుతున్నారు. విశేషణం ‘అయ్యో’, ‘అబ్బ’ల పక్కన చేరింది. అలా పైకి అనేస్తే అందరూ నవ్వుతారు, మళ్ళీ మాటలు మొదలవుతాయి.